వీఆర్ హెడ్‌సెట్ కొనేముందు కొలవాల్సింది కళ్ళ మధ్య దూరం

వీఆర్ అంటే వర్చువల్ రియాలిటీ: హెడ్‌సెట్‌ను కళ్ళకు కట్టుకుంటే ఆటలోపలే ఉన్నట్టు అనిపిస్తుంది. మొబైల్ షాపుల్లో 'వీఆర్ బాక్స్' పేరుతో తక్కువ ధరకు ఒక ప్లాస్టిక్ డబ్బా అమ్ముతారు. ఫోన్‌ను అందులో దూర్చి కళ్ళకు కట్టుకోవాలి. తల ఎటు తిప్పారో దానికి తెలుస్తుంది గానీ, అడుగు ముందుకు వేశారా, కిందికి వంగారా అన్నది తెలియదు. ఆటలో గోడ చాటుకు వంగితే ఆ గోడ కూడా మీతోపాటే కిందికి దిగుతుంది. కాసేపటికే కడుపులో తిప్పుతుంది. ఆటల కోసమైతే దాన్ని వదిలేయండి. బయటివైపు కెమెరాలుండి, గదిలో మీరెక్కడున్నారో క్షణక్షణం లెక్కగట్టే హెడ్‌సెట్ కావాలి. అలాంటివాటిలో ఎక్కువమంది తూచి చూసేవి మూడు: మెటా క్వెస్ట్ 3 (2023), క్వెస్ట్ 3ఎస్ (2024), సోనీ ప్లేస్టేషన్ వీఆర్2 (2023).

పెట్టె మీద పిక్సెళ్ళ (తెర మీది చుక్కల) సంఖ్య పెద్దగా వేస్తారు. దాన్ని చూసేముందు మీ కంటిపాపల మధ్య దూరం తెలుసుకోండి. పెద్దవాళ్ళలో ఇది సగటున 63 మిల్లీమీటర్లు. కళ్ళజోళ్ళ షాపులో అడిగితే కొలిచి 'పీడీ' అని రాసిస్తారు. ఇంట్లోనైతే అద్దానికి జానెడు దూరంలో నిలబడి, మిల్లీమీటర్ల స్కేలును కనుబొమల మీద ఆనించండి. కుడికన్ను మూసి, ఎడమ కంటిపాప నడిమికి సున్నాను తేవాలి. తల, స్కేలు కదలకుండా ఎడమకన్ను మూసి కుడికన్ను తెరవండి. కుడి కంటిపాప నడిమికి ఎదురుగా ఉన్న అంకే మీ దూరం. మూడుసార్లు కొలిచి సగటు తీసుకుంటే మంచిది.

ఈ అంకెతోనే సగం నిర్ణయం అయిపోతుంది. క్వెస్ట్ 3ఎస్ లెన్సులకు మూడే స్థానాలున్నాయి: 58, 63, 68. మీ దూరం 65.5 అనుకుంటే, 63 దగ్గర పెట్టినా 68 దగ్గర పెట్టినా రెండున్నర మిల్లీమీటర్ల తేడా తప్పదు. బొమ్మ అంచులు మసకబారతాయి, అరగంటకే కళ్ళు లాగుతాయి. క్వెస్ట్ 3లో చిన్న చక్రం తిప్పి 58 నుంచి 71 వరకు ఎక్కడైనా ఆపుకోవచ్చు. వీఆర్2కు కూడా తిప్పే మీట ఉంది. మీ దూరం 58, 63, 68లలో ఒకదానికి మిల్లీమీటరు అటూఇటూగా ఉంటే 3ఎస్ నిశ్చింతగా తీసుకోండి. ఆటలు నడిపే చిప్, 8 జీబీ ర్యామ్ రెండు క్వెస్ట్‌లలోనూ ఒకటే.

పెద్ద తేడా లెన్సులో ఉంది. 3ఎస్‌లోనూ వీఆర్2లోనూ ఫ్రెనెల్ లెన్సులు. పల్చటి ప్లాస్టిక్ మీద గుండ్రటి గాట్లుంటాయి. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చినప్పుడు ఆ గాట్లకు వెలుగు తగిలి గీతలుగా చెదురుతుంది. నడిమధ్యలో తప్ప అంత తేటగా కనపడదు, అందుకే పైన చెప్పిన కొలత వీటికి ఇంకా ముఖ్యం. క్వెస్ట్ 3లోని పాన్‌కేక్ లెన్సు వెలుగును రెండు పొరల మధ్య ముందుకూ వెనక్కూ మడిచి పంపుతుంది. అంచుల దాకా తేటగా ఉంటుంది, హెడ్‌సెట్ ముందుభాగం పల్చబడుతుంది. కానీ దారిలో సగం వెలుగును మాత్రమే వదిలే అద్దం మీద వెలుగు రెండుసార్లు పడుతుంది కాబట్టి కంటికి చేరేది నాలుగో వంతుకు మించదు. ఆ నష్టాన్ని పూడ్చడానికి వెనక గట్టి దీపం ఉండే ఎల్‌సీడీ తెర వాడారు. ఫలితంగా చీకటి గుహలు, రాత్రి ఆకాశం కాస్త బూడిదరంగులో కనిపిస్తాయి. వీఆర్2లోని ఓఎల్‌ఈడీ తెరకు వెనక దీపం ఉండదు, ప్రతి చుక్కా తానే వెలుగుతుంది కాబట్టి నలుపు నిజంగా నలుపే. దయ్యాల ఆటలు ఇష్టమైనవాళ్ళకు ఆ తేడా బాగా తెలుస్తుంది.

ఇప్పుడు పిక్సెళ్ళు. మంచి చూపు ఒక డిగ్రీ కోణంలో దాదాపు 60 చుక్కలను విడివిడిగా పట్టగలదు. క్వెస్ట్ 3 ఇచ్చేది 25, 3ఎస్ 20. ఆడేటప్పుడు ఆ తేడా పెద్దగా పట్టదు. సన్నటి అక్షరాలు చదివేటప్పుడు, కారు రేసులో దూరపు మలుపును పోల్చుకునేటప్పుడు పడుతుంది.

కళ్ళజోడు సంగతి. తెర కంటికి రెండంగుళాల్లోనే ఉన్నా, లెన్సు దాన్ని మీటరు, మీటరున్నర దూరంలో ఉన్నట్టు చూపిస్తుంది. అందుకే మైనస్ నంబరు మరీ తక్కువైతే తప్ప జోడు కావాల్సిందే. జోడు అంచు రాసుకుంటే హెడ్‌సెట్ లెన్సు మీద గీతలు పడతాయి, అవి పోవు. మీ నంబరుతో చేసి హెడ్‌సెట్‌లో బిగించే లెన్సులు తెప్పించుకోవడం మేలు.

వీఆర్2కు సోనీ ఆటల యంత్రం పీఎస్5 (ప్లేస్టేషన్ 5) ఉండాలి, నాలుగున్నర మీటర్ల వైరు వెంట ఉంటుంది. కంప్యూటర్‌కు కలిపే అడాప్టర్ 2024లో వచ్చింది. దానికి కంప్యూటర్‌లో డిస్‌ప్లేపోర్ట్ 1.4 (తెరకు బొమ్మ పంపే ఒక రకం సాకెట్) తప్పనిసరి. హెచ్‌డీఎంఐ మాత్రమే ఉన్న లాప్‌టాప్‌కు అది పనికిరాదు. క్వెస్ట్‌లు సొంతంగానే ఆడిస్తాయి, కంప్యూటర్ ఆటలను వైఫై మీద కూడా తెచ్చుకుంటాయి. క్వెస్ట్ 3 రెండు తెరలకు సెకనుకు 90 బొమ్మలు కుదించకుండా పంపితే దాదాపు 20 గిగాబిట్లు అవుతుంది. దాన్ని వంద, రెండొందల మెగాబిట్లకు కుదించి పంపుతారు. కంప్యూటర్‌ను రూటర్‌కు లాన్ వైరుతో కలపండి. అదీ వైఫై మీదే ఉంటే ఒకే డేటా గాలిలో రెండుసార్లు తిరిగి బొమ్మ ఆగి ఆగి వస్తుంది. 5 గిగాహెర్ట్జ్ రూటర్ ఆడే గదిలోనే ఉండాలి. ఇదంతా ఇంట్లోపలి వ్యవహారం కాబట్టి దేవరకొండలోనో అచ్చంపేటలోనో నెట్ నెమ్మదిగా ఉన్నా ఫర్వాలేదు. నెట్ అవసరం ముఖ్యంగా ఆట డౌన్‌లోడ్ చేసేటప్పుడు, ఆన్‌లైన్‌లో ఇతరులతో ఆడేటప్పుడు.

గదిని కూడా చూసుకోవాలి. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఖాళీ ఉండాలి. కెమెరాలు గోడల మూలలు, బొమ్మల అంచులు చూసి చోటు గుర్తుపడతాయి. ఒట్టి తెల్లగోడల గదిలో దారి తప్పుతాయి, రెండు క్యాలెండర్లు తగిలిస్తే కుదుటపడతాయి. బీరువా అద్దం మీద దుప్పటి కప్పండి, లేకపోతే అందులోని ప్రతిబింబాన్ని కూడా గదే అనుకుంటాయి. ట్యూబ్‌లైటు కింద చెయ్యి వణికినట్టు కనిపిస్తే క్వెస్ట్ సెట్టింగుల్లో ట్రాకింగ్ ఫ్రీక్వెన్సీని 50 హెర్ట్జ్‌కు మార్చాలి. మన కరెంటు 50 హెర్ట్జ్. సీలింగ్ ఫ్యాన్ కింద మాత్రం ఆడకండి. అయిదున్నర అడుగుల మనిషి చెయ్యెత్తితే వేళ్ళు ఏడడుగుల దాకా పోతాయి, చేతిలో కంట్రోలర్ అదనం. రేకుల ఇంట్లో ఇది మరీ ప్రమాదం. కూలర్‌ను ఒక పక్కన పెట్టుకుంటే చెమట తగ్గుతుంది, గాలి తగిలే వైపును బట్టి ఎటు తిరిగారో కూడా తెలుస్తుంది.

మే నెలలో నల్లగొండ ఎండ 44 డిగ్రీలు దాటడం మామూలే. పీఎస్5 పనిచేసే ఉష్ణోగ్రత 35 డిగ్రీల వరకేనని సోనీ చెబుతోంది, కాబట్టి మధ్యాహ్నాలు వదిలేసి పొద్దున్నో రాత్రో ఆడండి. హెడ్‌సెట్‌ను కిటికీ దగ్గర పెట్టకండి. ఎండ లెన్సు మీద పడితే భూతద్దం కింద కాగితంలా తెర కాలి మచ్చపడుతుంది. కొన్ని నిమిషాలు చాలు. లెన్సును పొడి మైక్రోఫైబర్ గుడ్డతోనే తుడవాలి, శానిటైజర్ తగలనివ్వకండి.

కరెంటు పోయినా క్వెస్ట్ బ్యాటరీ మీద రెండు గంటలు నడుస్తుంది. పీఎస్5 ఆట నడుస్తుండగా సుమారు 200 వాట్లు లాగుతుంది, ఇన్వర్టర్ ఆ భారం మోయగలదో లేదో చూసుకోండి.

వయసు విషయంలో మెటా పదేళ్ళు నిండాలంటుంది, సోనీ పన్నెండు. మొదటిసారి ఎవరైనా పది పదిహేను నిమిషాలే ఆడాలి. కళ్ళు నడుస్తున్నామంటాయి, లోపలి చెవి నిలబడ్డామంటుంది, ఆ తగాదాలోంచే వికారం పుడుతుంది. మొదలవగానే తీసేయండి, ఓర్చుకుంటే ఎక్కువవుతుందే తప్ప తగ్గదు.

సెకండ్‌హ్యాండ్‌లో చవకగా వచ్చే పాత విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ (విండోస్ కంప్యూటర్‌కు కలిపి వాడే రకం) హెడ్‌సెట్లను ఎంత తక్కువకిచ్చినా తీసుకోవద్దు. విండోస్ 11లో 2024 నాటి 24హెచ్2 వెర్షన్ నుంచి వాటిని నడిపే సదుపాయాన్నే మైక్రోసాఫ్ట్ తీసేసింది. మెటా పాత మోడల్ క్వెస్ట్ 2 అయితే అక్కడే పెట్టుకుని చూసి, లెన్సు మీద గీతలు, తెర మీద కాలిన మచ్చలు లేవని తేలాక, పాత యజమాని ఖాతా తీయించి, మీ ఖాతాతో తెరుచుకున్నాకే డబ్బు ఇవ్వండి.