స్కాన్ రిపోర్ట్ చూసి బెంగపడకండమ్మా

విశాఖపట్నం

బుజ్జీ, చిన్నీ,

"పెద్దమ్మా, స్కాన్‌లో ఇద్దరికీ అండాశయంలో నీటి బుడగలున్నాయట, ఆపరేషన్ చేస్తారా?" అని ఫోన్లో ఒకటే టెన్షన్ పడ్డారు. ఆపరేషనూ లేదు, ఏమీ లేదు. ముందు అన్నం తిని, తర్వాత ఇది చదవండి.

అవి గడ్డలు కావు. ప్రతి నెలా అండాశయంలో కొన్ని అండాల సంచులు పెరగడం మొదలుపెడతాయి. వాటిలో ఒకటి పూర్తిగా ఎదిగి అండాన్ని విడుదల చేస్తుంది. పీసీఓఎస్ (పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్) అనే హార్మోన్ల తేడాలో ఆ ఎదుగుదల మధ్యలోనే ఆగిపోతుంది. అలా ఆగిన చిన్న సంచులే స్కాన్‌లో బుడగల్లా కనిపిస్తాయి. అండం విడుదల కాక నెలసరి లెక్క తప్పుతుంది.

చాలామందిలో దీని వెనక ఉండేది ఇన్సులిన్, రక్తంలో షుగర్‌ని అదుపు చేసే హార్మోన్. అది ఒంట్లో సరిగా పనిచేయకపోతే ఒళ్లు ఇంకా ఎక్కువ తయారుచేస్తుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ అండాశయం చేత మగ హార్మోన్లను అతిగా తయారు చేయిస్తుంది. ఆడవాళ్లందరిలోనూ అవి కొద్దిగా ఉంటాయి, మోతాదు మించితేనే మొటిమలు, గడ్డం కింద వెంట్రుకలు, పాపిడి దగ్గర జుట్టు పలచబడటం. బుజ్జి మెడ వెనక నలుపుని మీ అమ్మ సున్నిపిండి పెట్టి రుద్దేది కదా! అది మురికి కాదు, ఇన్సులిన్ పెరిగిందనడానికి గుర్తు. ఎంత రుద్దినా చర్మం మండటం తప్ప ఏమీ ఒరగదు.

తాతయ్యకి షుగర్, మీ అమ్మకి షుగర్. పీసీఓఎస్ కూడా ఇలాగే కుటుంబాల్లో వస్తుంటుంది. బిర్యానీలు తిని తెచ్చుకున్నావని ఎవరైనా అంటే పట్టించుకోకండి. సన్నగా ఉన్నవాళ్లకీ వస్తుంది.

స్కాన్ ఒక్కటే చూసి తేల్చేది కాదిది. నెలసరి తప్పడం, మగ హార్మోన్లు పెరగడం, స్కాన్‌లో అండాశయం అలా కనిపించడం, వీటిలో రెండుండాలని 2003లో నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో నిపుణులు నియమం పెట్టారు. పెద్దమనిషైన తర్వాత ఎనిమిదేళ్ల దాకా మామూలు పిల్లల్లోనూ అలా కనిపించవచ్చు కాబట్టి, పదహారేళ్ల చిన్నికి ఆ స్కాన్ లెక్కలోకే రాదు. థైరాయిడ్, ప్రోలాక్టిన్ (పాలు పడటానికి పనిచేసే హార్మోన్) తేడా చేసినా డేట్ తప్పుతుంది. అందుకే ఆ పరీక్షలు, షుగర్ పరీక్ష రాస్తే విసుక్కోకండి.

పూర్తిగా పోగొట్టే మందు లేదు, అదుపులో పెట్టుకోవచ్చు. బరువు ఎక్కువున్నవాళ్లు 5 నుంచి 10 శాతం తగ్గినా నెలసరి దారిలో పడొచ్చు. బుజ్జీ, నీకు నాలుగైదు కిలోలు చాలు. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద నడువు, బజ్జీల బండి తెరవకముందే ఇంటికి వచ్చెయ్. అన్నం మానక్కర్లేదు, తగ్గించి పప్పు, కూర, చేప పెంచు. చోడి (రాగి) అంబలి మంచిదే కానీ మందు కాదు.

డాక్టరు గర్భనిరోధక మాత్రలు రాయవచ్చు. పెళ్లికాని పిల్లకి అవేంటని మీ నానమ్మ గొడవ చేస్తే ఆవిడతో నేను మాట్లాడతాను. అవి నెలసరిని క్రమంలో పెడతాయి, మగ హార్మోన్ల జోరు తగ్గిస్తాయి. మైగ్రేన్, బీపీ ఉన్నా, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నా ముందే చెప్పాలి. ఇన్సులిన్ సరిగా పనిచేయడానికి మెట్‌ఫార్మిన్ అనే మాత్ర ఇస్తే మొదట్లో కడుపులో తిప్పుతుంది, భోజనంతో వేసుకోండి. పిల్లలు పుట్టరన్న మాట నమ్మకండి. కావాలనుకున్నప్పుడు అండం విడుదల కావడానికి లెట్రోజోల్ లాంటి మందులున్నాయి.

నాకు ఒళ్లు మండేది మాత్రం "పెళ్లయితే అదే సర్దుకుంటుంది" అనే మాటకి. గర్భసంచి లోపలి పొర నెలల తరబడి బయటకు పోకుండా మందమవుతూ ఉంటే, ఏళ్లు గడిచాక క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. మూడు నెలలు దాటినా నెలసరి రాకపోతే కేజీహెచ్‌కో (కింగ్ జార్జ్ ఆసుపత్రి), ఘోషా ఆసుపత్రికో వెళ్లండి. దిగులుగా ఉంటున్నా, నిద్ర పట్టకపోయినా అదీ చెప్పండి, ఈ జబ్బులో అవీ భాగమే.

గత ఆరు నెలల డేట్లు క్యాలెండర్ చూసి కాగితం మీద రాసి ఉంచండి. డాక్టరు మొదట అడిగేది అదే. సోమవారం నేనూ వస్తాను.

మీ పెద్దమ్మ