ఇటాలియన్ రాని ఇటలీ

1861 మార్చి 17న ఇటలీ రాజ్యం ఏర్పడింది. సింహాసనం ఎక్కింది వాయవ్య ఇటలీలోని పీడ్‌మాంట్ రాజ్యపు రాజు రెండవ విక్టర్ ఇమాన్యుయేల్. కొత్త దేశానికి మొట్టమొదటి రాజు 'రెండవ' ఎలా అయ్యాడు? పీడ్‌మాంట్ రాజుల పాత వరసలో ఆ పేరుతో ఆయన రెండోవాడు, ఆ అంకె మార్చడానికి ఒప్పుకోలేదు. పీడ్‌మాంటే పెద్దదై తమ మీదికొచ్చిందని దక్షిణాదిలో చాలామంది అనుకున్నారంటే తప్పు పట్టలేం.

1815లో వియన్నాలో పెద్ద రాజ్యాలు కూర్చుని మ్యాపు గీసినప్పుడు ఇటలీ ముక్కలుగానే మిగిలింది. లొంబార్డీ, వెనీషియా నేరుగా ఆస్ట్రియా చేతిలో ఉండేవి. బడిలో సోషల్ పుస్తకంలో మనం వరసగా బట్టీ పట్టిన మాజినీ, కవూర్, గారిబాల్డీల మధ్య నిజానికి పెద్దగా పొసగలేదు. మాజినీకి కావలసింది రాజు లేని గణతంత్రం. పీడ్‌మాంట్ ప్రధాని కవూర్ నమ్ముకున్నది ఫ్రాన్స్ సైన్యాన్ని. 1859లో ఆస్ట్రియా మీద యుద్ధంలో అది చేసిన సాయానికి బదులుగా మరుసటి ఏడాది సవాయ్, నీస్ ప్రాంతాలు ఫ్రాన్స్‌కి ఇచ్చేశాడు. నీస్ గారిబాల్డీ పుట్టిన ఊరు! ఆ కోపం కడుపులో ఉండగానే 1860 మేలో దాదాపు వెయ్యిమంది వాలంటీర్లతో ఆయన సిసిలీకి ఓడ ఎక్కాడు. నెలల్లోనే దక్షిణాదిని గెలిచి రాజుకి అప్పగించాడు. వెనిస్ 1866లో, రోమ్ 1870లో కలిశాయి.

దేశమైతే వచ్చింది, మరి భాష? 1861లో ఇటాలియన్ మాట్లాడగలిగినవాళ్లు నూటికి రెండున్నర మంది అని ఒక లెక్క, పదిమంది దాకా అని ఇంకో లెక్క. మిగతావాళ్లవి ఎవరి ప్రాంతం మాటలు వాళ్లవే. కవూర్‌కే ఫ్రెంచి రాయడం తేలిక. ఒకే భాష వాళ్లం కాబట్టి ఒకే రాష్ట్రం కావాలని కొట్లాడిన మనకి ఇదంతా తిరగేసినట్టు కనిపిస్తుంది.

పల్లెల్లో కొత్త దేశం మొదట కనిపించింది పిండిమరలో. యుద్ధాల అప్పులు తీర్చడానికి 1869 నుంచి ధాన్యం ఆడించడం మీద పన్ను వేశారు. మర రాయికి ఒక మీటరు బిగించారు. రాయి ఎన్ని చుట్లు తిరిగితే అంత పన్ను మరవాడు కట్టాలి, వాడు దాన్ని గింజలు తెచ్చినవాళ్ల నెత్తిన వేసేవాడు. ఓటు హక్కేమో నూటికి ఇద్దరికి. అల్లర్లు లేచాయి, సైన్యం కాల్పుల్లో జనం చచ్చిపోయారు. ఆ పన్ను పూర్తిగా పోయింది 1884లో. సిసిలీ కుర్రాళ్లకైతే అంతకుముందు లేని నిర్బంధ సైనిక సేవ కూడా వచ్చిపడింది. చాలామంది పారిపోయి కొండల్లో దాక్కున్నారు.

బడి, సైన్యం, రైలు, వలసలు కలిసి ఇటాలియన్‌ని మెల్లగా ఇళ్లలోకి తెచ్చాయి, అది కూడా తరాలు పట్టింది. దేశం పుట్టి దాదాపు వందేళ్లయ్యాక, 1960లో, ఇటలీ ప్రభుత్వ టీవీలో ఆల్బెర్టో మాంజీ అనే టీచరు సాయంత్రాలు కాగితం మీద బొమ్మ గీసి, పక్కన దాని పేరు రాసి, చదువు రాని పెద్దవాళ్లకి ఇటాలియన్ అక్షరాలు నేర్పుతున్నాడు.