సరుకుకు ఇచ్చిన హామీ నావికుడికి ఎందుకు ఇవ్వలేదు?

ఓడ మునిగిందనో, సిబ్బందిని ఏదో రేవులో వదిలేసి యజమాని చేతులు దులుపుకున్నాడనో వార్త వస్తే, అతనికి బాధ్యత ఉండదా అని అందరం అడుగుతాం. ఉంటుంది, కానీ అది చట్టంలోకి ఎక్కడానికి చాలా పోరాటమే జరిగింది.

19వ శతాబ్దపు బ్రిటన్ సంగతి చూడండి. ఒప్పందంలో రాసినా రాయకపోయినా, ఓడ ప్రయాణానికి తగిన స్థితిలో ఉందని యజమాని సరుకు పంపేవాడికి మాట ఇచ్చినట్టే లెక్క. అదే ఓడలో ప్రాణం పెట్టి పనిచేసేవాడికి మాత్రం ఆ హామీ లేదు, 1854లో కౌచ్ వర్సెస్ స్టీల్ కేసులో కోర్టు ఆ సంగతి తేల్చి చెప్పేసింది. పైగా సంతకం చేశాక, ఈ ఓడ ఎక్కితే బతకను, రాను అన్నవాళ్లను జైల్లో పెట్టేవారు. భారీగా ఇన్సూరెన్స్ చేయించుకున్న యజమానికి పాత ఓడ మునిగినా నష్టం లేదు.

డెర్బీ ఎంపీ శామ్యూల్ ప్లిమ్సాల్ దీని మీదే పోరాడాడు. 1875 జులై 22న ప్రభుత్వం ఓడల భద్రత బిల్లును పక్కన పెట్టేసరికి సభలోనే కోపంతో ఊగిపోయాడు, జనం అతని వైపు నిలిచారు, 1876లో చట్టం వచ్చింది. అందరికీ గుర్తుండేది ఓడ పక్కన గీసే లోడ్ లైన్, అంటే ఓడ నీళ్లలో ఇంతకు మించి మునిగేలా బరువు ఎక్కించకూడదని చూపే గీత, కానీ దాన్ని ఎక్కడ గీయాలో 1890 దాకా యజమాని ఇష్టమే. నా దృష్టిలో అసలు గెలుపు ఆ 1876 చట్టంలోని 5వ సెక్షన్: ఓడను సురక్షితంగా ఉంచడానికి యజమాని, కెప్టెన్ తగిన ప్రయత్నాలన్నీ చేస్తారన్న షరతు నావికుడి ప్రతి ఒప్పందంలోనూ ఉన్నట్టే, వద్దని రాయించుకున్నా చెల్లదు.

దానికీ కోర్టులు గండి కొట్టాయి. హెడ్లీ కేసులో డెక్ అంచున తీసిపెట్టే రెయిలింగ్ ఓడలోనే ఉంది, కెప్టెన్ బిగించలేదు, నావికుడు సముద్రంలో పడి చనిపోయాడు. రెయిలింగ్ ఓడలో ఉంది కదా, ఓడ బాగున్నట్టే, తప్పు కెప్టెన్‌ది, తోటి ఉద్యోగి తప్పు వల్ల జరిగిన హానికి యజమాని బాధ్యుడు కాడు, కెప్టెనూ తోటి ఉద్యోగేనని 1894లో అప్పటి బ్రిటన్ అత్యున్నత కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పింది. చదివితే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఈ 'తోటి ఉద్యోగి' వాదన 1948లో గానీ రద్దు కాలేదు.

ఇప్పుడు 2006 నాటి అంతర్జాతీయ సముద్ర కార్మికుల ఒప్పందం ఉంది, 2013లో అమల్లోకి వచ్చింది. 2017 నుంచి అమలైన సవరణల ప్రకారం కనీసం రెండు నెలల జీతం ఆగినా సిబ్బందిని వదిలేసినట్టే లెక్క. వాళ్ల బకాయిలకు, ఇంటికి చేర్చే ఖర్చుకు యజమాని ముందే ఆర్థిక హామీ చూపాలి, ఆ సర్టిఫికెట్‌ను ఓడలో అందరికీ కనిపించేచోట అంటించాలి. హామీ ఇచ్చిన సంస్థను ఎలా సంప్రదించాలో కూడా అందులోనే ఉంటుంది.