రన్‌వే దారిలోకి ఎంత వంకరగా రావచ్చు?

దగదర్తి విమానాశ్రయం మాట వచ్చినప్పుడల్లా నెల్లూరులో చర్చంతా భూసేకరణ చుట్టూనే తిరుగుతుంది. 2019 జనవరిలో శంకుస్థాపన అయితే జరిగింది. రన్‌వే వేయగానే పని అయిపోదు, దానికి ఆకాశంలోనూ దారి గీయాలి. ఆ దారిలోకి విమానం ఎంత కోణంలో మళ్లవచ్చు అన్నదానికి పాత చరిత్రే ఉంది.

మూలం ఐఎల్‌ఎస్ (ఇన్‌స్ట్రుమెంట్ ల్యాండింగ్ సిస్టమ్). మబ్బులో రన్‌వే కనిపించనప్పుడు నేల మీది రేడియో సంకేతాన్ని పట్టుకుని దిగే పద్ధతి. 1938 జనవరి 26న మంచు తుపానులో ఓ అమెరికా ప్రయాణికుల విమానం పిట్స్‌బర్గ్‌లో ఇలాగే దిగింది. చిక్కేమిటంటే ఆ సంకేతం పరిచే దారి బాగా సన్నం. మధ్యగీత నుంచి సుమారు రెండున్నర డిగ్రీలు పక్కకు జరిగితే చాలు, కాక్‌పిట్‌లో సూది చివరికంటా వెళ్లిపోతుంది. అడ్డంగా దూసుకొచ్చిన విమానం మలుపు పూర్తయ్యేలోపే గీత దాటి అవతల తేలుతుంది. మళ్లీ వెనక్కి తిప్పాలి. దిగే ముందు పైలట్‌కు ఇంతకన్నా టెన్షన్ ఏముంటుంది?

180 నాట్ల (గంటకు సుమారు 333 కిలోమీటర్ల) వేగంతో, సెకనుకు 3 డిగ్రీల చొప్పున తిరిగే విమానానికి మలుపు వ్యాసార్ధం దాదాపు ఒక నాటికల్ మైలు (సుమారు 1.85 కిలోమీటర్లు). 90 డిగ్రీలు తిరగాలంటే మైలు ముందే మొదలుపెట్టాలి. 120 అయితే 1.7 మైళ్ల ముందే. అందుకే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐకావో) నియమాల్లో ఐఎల్‌ఎస్‌కు 90 డిగ్రీలు, అంత కచ్చితత్వం లేని పద్ధతులకు 120 హద్దు. 70 దాటితే, మలుపు ఎక్కడ మొదలుపెట్టాలో పైలట్‌కు ముందుగా ఓ గుర్తు ఇవ్వాలి. కంట్రోలర్ రాడార్‌లో చూస్తూ దిశ చెప్పేటప్పుడు హద్దు ఇంకా బిగుసుకుంటుంది: ఐకావో లెక్కలో 45, అమెరికాలో మామూలుగా 30.

నన్నడిగితే కోణం కన్నా ఎత్తే పెద్ద ప్రమాదం. 1974 డిసెంబరు 1న వాషింగ్టన్ దగ్గరి డల్లస్ విమానాశ్రయానికి వస్తున్న టీడబ్ల్యూఏ 514 విమానానికి కంట్రోలర్ అప్రోచ్‌కు, అంటే రన్‌వే వైపు దిగే మార్గం పట్టేందుకు, అనుమతి ఇచ్చాడు. ఇక 1800 అడుగులకు దిగిపోవచ్చని పైలట్లు అనుకున్నారు. మధ్యలో కొండ ఉంది. విమానంలోని 92 మందీ చనిపోయారు. నిర్ణీత మార్గంలోకి చేరేదాకా ఏ ఎత్తులో ఉండాలో అనుమతితో పాటే చెప్పాలన్న నియమం ఆ తర్వాతే గట్టిపడింది.

జీపీఎస్ వచ్చాక టీ ఆకారపు దారులొచ్చాయి, పక్కల నుంచి 90 డిగ్రీల్లో వచ్చి కలుస్తాయి. ఎక్కడ తిరగాలో కంప్యూటరే ముందుగా లెక్కేస్తుంది. వ్యాసార్ధం మాత్రం తగ్గలేదు, వేగంతో పాటు పెరుగుతూనే ఉంటుంది. దగదర్తికి దారి గీసేవాళ్లు దక్షిణాన చెన్నై రద్దీని, శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగాలప్పుడు మూసే గగనతలాన్ని కూడా చూసుకుని ఈ మలుపులు సర్దాలి.