మట్టి గోడను ఫోటో తీయండి

చిన్నూ, అమ్ములూ,

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో, మిషన్ శాన్ హోసే అనే పాత క్రైస్తవ మత ప్రచార కేంద్రం దగ్గర తీసిన ఫోటోలు అందాయి. తెల్లటి చర్చి ముందు ఇద్దరూ ముద్దుగా ఉన్నారు. "మట్టితో కట్టారట, వానకు కరగదా తాతయ్యా?" అని అడిగావు కదా అమ్ములూ, చెబుతాను.

మీ నాయనమ్మ బెల్లం దిమ్మను ఎలా దాస్తుందో చూశావుగా? చెమ్మ తగలకుండా కింద పీట, చుట్టూ గుడ్డ, పైన మూత. ఎండబెట్టిన మట్టి ఇటుకా అంతే. రాతి పునాది దాని పీట, సున్నపు పూత దాని గుడ్డ, పెంకుల కప్పు దాని మూత. మూత ఉన్నన్నాళ్లూ ఎన్ని వానలైనా భయం లేదు. తీసేస్తే కారిపోవడం మొదలవుతుంది. ఇక బెల్లం దిమ్మ చేయిజారితే ముక్కలేగా! 1809 నాటి చర్చి 1868 అక్టోబరు 21న వచ్చిన భూకంపానికి అలాగే కూలిపోయింది. మీరు ఫోటో తీసింది పాత రూపులో మళ్లీ కట్టి 1985లో తెరిచినది. నిజంగా పాతది పక్కనున్న పొడవాటి వరండా భవనం, ఇప్పటి మ్యూజియం. నాకైతే అదే గొప్ప.

చిన్నప్పుడు మాదీ మట్టి గోడల ఇల్లే. మట్టి నానబెట్టి, తరిగిన వరిగడ్డి కలిపి తొక్కేవాళ్లు. పిల్లలమంతా దిగేవాళ్లం. పిక్కల దాకా బురద, వేళ్ల సందుల్లో గడ్డి గుచ్చుకునేది. గడ్డి తగ్గితే ఆరేటప్పుడు గోడ పగులుతుందని మా తాత ఇంకో గుప్పెడు వేయించేవాడు.

మాకది ఆట. ఆ మిషన్‌లో మట్టి తొక్కిన ఓలోనీ జనానికి, అంటే అక్కడి ఆదివాసులకు, కాదు. 1797లో స్పెయిన్ ఫాదర్లు ఆ మిషన్ పెట్టారు. ఓలోనీలు బాప్తిస్మం తీసుకున్నాక అనుమతి లేకుండా వెళ్లడానికి వీల్లేదు. పారిపోతే సైనికులు పట్టి తెచ్చేవారు. తట్టు లాంటి జబ్బులు చాలామందిని తీసుకుపోయాయి. వాళ్ల శ్మశానం దగ్గర్లోనే ఉంది, నాన్నను చూపించమనండి. స్కూలు ప్రాజెక్టులో చర్చి గంటల గురించి రాసేటప్పుడు, ఇటుకలు ఎవరి చేతులు చేశాయో కూడా రాయండి.

ఈసారి వెళ్తే మ్యూజియం గుమ్మం దగ్గర ఆగండి. ముట్టుకోవచ్చా అని అక్కడివాళ్లను అడిగి, అమ్ములు తన మూరతో గోడ మందం కొలవాలి. చిన్నూ, నువ్వు పక్కకు నిలబడి, మూర, గోడ రెండూ కనపడేలా ఫోటో తియ్యి. ఫ్లాష్ వద్దు, గోడ చదునుగా కనిపిస్తుంది. ఎన్ని మూరలొచ్చిందో రాయండి.

మీ తాతయ్య