క్లియోపాత్ర పిరమిడ్ ఏది మేడమ్? టాలమీ వంశంపై అపోహలు - వాస్తవాలు

డిగ్రీ పిల్లలకి ప్రాచీన చరిత్ర చెబుతాను. ఈజిప్టు పాఠం మొదలుపెట్టానో లేదో, "క్లియోపాత్ర పిరమిడ్ ఏది మేడమ్?" అని ఎవరో ఒకరు అడుగుతారు, ఏటా ఇదే వరస. వాళ్ళ తప్పేం లేదు, మూడు వేల ఏళ్ళ చరిత్రని ఒకే పోస్టర్ మీద అతికించి చూపిస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. అందుకే ఆమె పుట్టిన టాలమీ వంశం గురించి నాకు తరచూ ఎదురయ్యే అపోహలు కొన్ని రాస్తున్నా.

అపోహ: క్లియోపాత్రది పిరమిడ్ల కాలం.

గిజా పెద్ద పిరమిడ్ కట్టింది క్రీ.పూ. 2560 ప్రాంతంలో. ఈమె పుట్టింది క్రీ.పూ. 69లో. అంటే పిరమిడ్ కట్టినవాళ్ళ కంటే మనమే ఆమెకి దగ్గర. ఆమె నాటికే అవి పాత కట్టడాలు.

అపోహ: ఆమెది అసలు సిసలు ఈజిప్టు రాజవంశం.

కాదు, మాసిడోనియా నుంచి వచ్చిన గ్రీకు వంశం. క్రీ.పూ. 323లో బాబిలోన్‌లో అలెగ్జాండర్ చనిపోతే సేనానులు రాజ్యాన్ని పంచుకున్నారు, టాలమీకి ఈజిప్టు దక్కింది. గడుసువాడు, అలెగ్జాండర్ శవయాత్రని దారిలోనే మళ్ళించి శవాన్ని ఈజిప్టుకి తీసుకుపోయాడు, ఎందుకంటే శవం ఎవరి దగ్గరుంటే వారసత్వం వాళ్ళదే అని చెప్పుకోవచ్చు కదా. క్రీ.పూ. 305లో రాజునని ప్రకటించుకున్నాడు. అక్కడి నుంచి క్రీ.పూ. 30 దాకా, 275 ఏళ్ళు, రాజులందరి పేరూ టాలమీయే, రాణులేమో అర్సినోయీ, బెరెనికె, క్లియోపాత్ర. మన ఇళ్ళలో మనవడికి తాత పేరు పెడతారు, ఇక్కడ తాత, తండ్రి, కొడుకు, తమ్ముడు అందరిదీ ఒకే పేరు! పరీక్షలో పిల్లలకి టెన్షన్ అక్కడే. మనకి తెలిసిన క్లియోపాత్ర ఏడో ఆవిడ. ఈజిప్టు భాష నేర్చుకున్నది ఈ వంశంలో ఆమె ఒక్కతే అన్నట్టు రాశాడు గ్రీకు రచయిత ప్లూటార్క్.

అపోహ: తోబుట్టువుల పెళ్ళి గ్రీకులకి మామూలే.

మేనరికం అనుకునేరు, కాదు, సొంత అక్కనే. రెండో టాలమీ తోడబుట్టిన అర్సినోయీని చేసుకున్నప్పుడు గ్రీకులే ముక్కున వేలేసుకున్నారు. ఒక కవి దీని మీద బూతు పద్యం కట్టి ప్రాణం మీదకి తెచ్చుకున్నాడు.

అపోహ: బయటివాళ్ళు కాబట్టి ఈజిప్టు గుళ్ళని, మతాన్ని తొక్కేశారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. ఎడ్ఫు గుడి మూడో టాలమీ కాలంలో, క్రీ.పూ. 237లో మొదలై 57లో పూర్తయింది, 180 ఏళ్ళ పని. నాణెం మీద గ్రీకు రాజులా కనిపించే మనిషి గుడి గోడ మీద పాత ఫారోల (ఈజిప్టు రాజుల) కిరీటం పెట్టుకుని శత్రువుల జుట్టు పట్టుకుని నిలబడతాడు, అంటే ఎవరికి ఏ వేషం కావాలో ఆ వేషం. అంతా ప్రేమేనా అంటే, కాదు. దక్షిణ ఈజిప్టు తిరగబడి దాదాపు ఇరవై ఏళ్ళు సొంత ఫారోలని పెట్టుకుంది. ఆ గొడవల మధ్యలోనే, క్రీ.పూ. 196లో, పిల్లవాడైన ఐదో టాలమీని పొగుడుతూ పూజారులు శాసనం వేయించారు, అతను గుళ్ళకి పన్నులు తగ్గించాడు మరి. అదే రోసెట్టా శిల, ఒకే సంగతి ఈజిప్టు బొమ్మల లిపిలోనూ గ్రీకులోనూ చెక్కిన రాయి.

దాని మీద బొమ్మల లిపిలో రాసిన టాలమీ పేరు చుట్టూ కోలగా ఒక గీత ఉంటుంది. అందులో నాలుగో బొమ్మ పడుకున్న సింహం. ఈజిప్టులోని ఫిలే నుంచి తెచ్చిన ఒక రాతి స్తంభం మీద క్లియోపాత్ర పేరులోనూ సింహం ఉంది, కానీ అక్కడ అది రెండో బొమ్మ. గ్రీకులో ఈ రెండు పేర్లూ రాసి చూడండి, 'ల' అక్షరం సరిగ్గా ఆ స్థానాల్లోనే వస్తుంది. ఫ్రెంచ్ పండితుడు షాంపోలియన్ ఇలా ఒక్కో బొమ్మా జత చూసుకుంటూ 1822లో ఆ లిపి చిక్కుముడి విప్పాడు. ఇంకో సంగతి, ఆ స్తంభం మీదున్నది మన ఏడో క్లియోపాత్ర కాదు, ఎనిమిదో టాలమీ ఇంటి ఆడవాళ్ళు.

అపోహ: క్లియోపాత్ర అపురూప సుందరి, పాము కరిచి చచ్చిపోయింది.

ఆమె అందం సాటిలేనిదేం కాదు, మాటతీరే కట్టిపడేసేది అన్నది ప్లూటార్క్ మాట. నాణేల మీదైతే వంకీ ముక్కు, గట్టి గడ్డం. పాము గురించి కూడా నిజం ఎవరికీ తెలియదని ఆయనే రాశాడు, అయినా మనం పాముని వదలం.

అపోహ: హైదరాబాద్ మమ్మీ "ఆరో ఫారో కూతురు".

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఉన్న మమ్మీ గురించి ఈ మాట నోటినోటా తిరుగుతుంటుంది. ఏ వంశంలో ఆరో ఆయన? అది చెప్పకుండా ఆరో ఫారో అంటే "ఆరో తాసిల్దారు" అన్నట్టే, ఏ మండలమో తెలియాలి కదా. ఫారోలని 30 వంశాలుగా లెక్కపెట్టే పద్ధతి మనెతో అనే ఈజిప్టు పూజారిది, ఆయన రాసిందీ తొలి టాలమీల కాలంలోనే, అదీ గ్రీకులో. పోనీ ఆరో టాలమీ అనుకుందామా అంటే, చరిత్రలో పేరు నిలిచిన ఆయన కూతుళ్ళు ఇద్దరూ క్లియోపాత్రలే, మనవాళ్ళు ఈ మమ్మీకి చెప్పే పేరేమో నైషు.

అపోహ: టాలమీలకీ మన నేలకీ ఏ సంబంధమూ లేదు.

అశోకుడి 13వ శాసనంలో సమకాలీన గ్రీకు రాజుల పేర్లున్నాయి. వాటిలో "తురమయ" అంటే అక్కని పెళ్ళాడిన ఆ రెండో టాలమీయే. ఆ శాసనం చెక్కిన చోట్లలో కర్నూలు జిల్లా ఎర్రగుడి ఒకటి. గుత్తి నుంచి పత్తికొండ వెళ్ళే దారిలో ఉంది, ఈసారి అటు వెళ్తే ఆగి చూడండి.