పండ్ల పేర్లతో పొగడ్తలు, తిట్లు: స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో నేను రోజూ వినే అపోహలు

అపోహ: తియ్యటి పండైతే పొగడ్త, పుల్లటిదైతే తిట్టు.

వాస్తవం: ‘షి ఈజ్ ఎ పీచ్’ అంటే చాలా మంచిదని. ‘ప్లమ్ జాబ్’ అంటే అందరూ కోరుకునే ఉద్యోగం. ఇక్కడిదాకా లెక్క కుదిరింది. మరి అరటిపండు? ‘హి వెంట్ బనానాస్’ అంటే వెర్రెత్తిపోయాడని. చెర్రీ కూడా తియ్యనిదే, కానీ ‘చెర్రీ పికింగ్’ అంటే తనకు కలిసొచ్చేవే ఏరి చూపించి మిగతావి దాచేశాడన్న ఆరోపణ.

అపోహ: ‘యాపిల్ ఆఫ్ మై ఐ’ అని నచ్చినవాళ్లెవరినైనా అనొచ్చు.

వాస్తవం: మా విద్యార్థిని ఒకమ్మాయి, ఆఫీసు వదిలి వెళ్తున్న టీమ్ లీడర్‌కి ఇవ్వబోయే కార్డు తెచ్చి చూపించింది. లోపల, గులాబీ బొమ్మ పక్కన, ‘సర్, యు ఆర్ ది యాపిల్ ఆఫ్ మై ఐ’ అని ఉంది. “దీన్ని తెలుగులో చెప్పమ్మా” అన్నాను. “మీరు నా కంటిపాప సార్” అని చదివి, వెంటనే కార్డు మూసేసింది.

నిజానికి ఆ మాట మొదట పండు గురించి కాదు. పాత ఇంగ్లిష్‌లో కంటి నల్లగుడ్డునే యాపిల్ అనేవారు, గుండ్రంగా ఉంటుందని. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో, ద్వితీయోపదేశకాండం 32వ అధ్యాయంలో ఈ మాట ఉంది. అదే చోట తెలుగు బైబిల్లో ‘కనుపాప’ అని ఉంటుంది. ఎదుటివాళ్ల కంట్లోకి దగ్గరగా చూస్తే మన బొమ్మ బుజ్జిగా కనిపిస్తుంది కదా! వాళ్లకు అక్కడ పండు కనిపిస్తే మనకు పాప కనిపించింది. ఈ జంట నాకెంత ఇష్టమో చెప్పలేను. తల్లి బిడ్డను, తాత మనవరాలిని అనుకునే మాట ఇది.

అపోహ: ‘సోర్ గ్రేప్స్’ అంటే అసూయ.

వాస్తవం: కాదు, అచ్చంగా మన ‘అందని ద్రాక్ష పుల్లన’. ప్రమోషన్ రానివాడు “ఆ పోస్టులో టెన్షన్ ఎక్కువ, నాకే వద్దు” అనడం.

అపోహ: ‘లెమన్’ అంటే చిరచిరలాడే మనిషి.

వాస్తవం: ఎక్కువగా వినిపించేది బండి గురించి. కొత్త కారు కొంటే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం మనం. అమెరికాలో ఎన్నిసార్లు బాగుచేయించినా అదే లోపం తిరగబెట్టే కారే లెమన్. అలాంటిది అంటగట్టించుకున్నవాళ్ల కోసం 1982లో కనెటికట్ రాష్ట్రం చట్టం చేసింది. మిగతా రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. వాటికి ‘లెమన్ లా’ అనే పేరు స్థిరపడింది.

అపోహ: ‘కోకోనట్’ అనడం సరదా.

వాస్తవం: పైకి గోధుమరంగు, లోపల తెలుపు, అంటే ‘నువ్వు మనవాడివి కావు’ అని. బ్రిటన్‌లో ఈ మాట కోర్టుకెక్కింది. 2010లో బ్రిస్టల్‌లో, తోటి కౌన్సిలర్‌ను అలా అన్న ఒక కౌన్సిలర్‌ను దోషిగా తేల్చారు. 2024లో లండన్‌లో, కొబ్బరికాయల బొమ్మతో ప్లకార్డు పట్టుకున్న ఒకావిడ నిర్దోషిగా బయటపడింది. అక్కడ పెరిగిన మన పిల్లల్ని, యాస మారిందని, సెలవులకు వచ్చినప్పుడు చుట్టాలే నవ్వుతూ ఈ మాట అంటుంటారు. దయచేసి అనకండి.